నాలుగో వరసలో కోడి

ఇంట్లో, కిటికీ పక్క కుర్చీ నుంచి
జూన్ 3

ఒరేయ్ చెవిటి బావమరిదీ,

మేము క్షేమం, మీ క్షేమం తెలుపగలరు అని మొదలుపెట్టడం నాకూ వచ్చు. అలాంటి నమూనా ఉత్తరాల పుస్తకాలు మన ప్రెస్సులో నేనెన్ని కూర్చానో, మెషిను మీద నువ్వెన్ని అచ్చేశావో మనకే తెలుసు. ఆ మాటలు పక్కన పెట్టి సంగతికొస్తాను.

ప్రెస్సు మూసేసిన రోజు ఓనరుగారు నీకు గోడ గడియారం, నాకు ఈ ఫోనూ ఇచ్చారు గుర్తుందా? ఎంత ఆలోచించి ఇచ్చాడో మహానుభావుడు. గడియారం గంట నీకు వినపడదు. నాకు ఫోను చేసి మాట్లాడ్డానికి నువ్వు తప్ప ఎవరూ లేరు, నువ్వేమో చెవులు రెండూ ఆ మెషినుకే ధారపోశావు. అందుకని ఏడాదిగా మూలన పడి ఉన్న ఫోను ఇప్పుడు తీశాను. ఆటలాడ్డానికి! నవ్వకు. ఎడమ చేతి వేళ్లు ఈమధ్య కాస్త మొరాయిస్తున్నాయి. వేళ్లు ఆడిస్తూ ఉండమన్నాడు డాక్టరు. అయితే బట్టలు పిండండి అంది మీ అక్క. నేను ఫోనే నయమనుకున్నాను.

మొత్తం నలభై ఆటలు దింపాను. తొందరపెట్టేవి తీసేశాను. నిమిషానికోసారి ప్రకటన చూపించేవి తీసేశాను. పన్నెండు మిగిలాయి. వాటిని సర్దడానికి మూడు రోజులు పట్టింది. ప్రెస్సులో ఏ సీసం అక్షరం కేసు పెట్టెలో ఏ గడిలో ఉండాలో చూసుకున్నట్టే చూసుకున్నాను. అయిదు వరసలు. పై వరసలో రెండు చేతులూ కావాల్సినవి: కారు పందెం, ఇటుకలు పడేది, హార్మోనియం మెట్ల మీద వాయించేది. రెండో వరస ఒక చేత్తో ఆడేవి: పాము, రంగు గోళీలు పేల్చేది. మూడోది ఒక్క బొటనవేలు చాలు: పేకముక్కలు సర్దేది, చదరంగం. నాలుగో వరస నోటితో ఆడేవి. అందులో ఒక కోడి ఉంది, మనం అరిస్తే గెంతుతుంది, ఊరుకుంటే నడిచి నడిచి గోతిలో పడుతుంది. అయిదోదానికి ఏమీ చెయ్యక్కర్లేదు. చేపల తొట్టి, రైలు కిటికీ. చూస్తూ కూర్చోవడమే.

నాలుగో వరస ఇంకా తెరవలేదు. మీ అక్కతో కలిసి ఆడదామని అట్టిపెట్టాను. దానికింకా టైముంది.

ఈ ఉత్తరం ఆమే తీసుకెళ్లి పోస్టు డబ్బాలో వేస్తుంది. చదువు రాదు కదా, లోపల తనని ఏమన్నా తిట్టానేమోనని కవరును అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

నీ బావ


కాగితం గోడౌను, గేటు పక్క గది
జూన్ 17

బావా,

పని ఎగ్గొట్టి ఆటలాడుకోమని డాక్టరు చేతే చెప్పించుకున్నావంటే నువ్వు మామూలోడివి కాదు! ప్రెస్సులో టీ తాగడానికి కూడా అక్షరాలు కూర్చే స్టిక్కు కింద పెట్టని మనిషివి, అరిచే కోడితో ఆటలా?

నా కాపలా ఉద్యోగం బాగానే ఉంది. లారీ వస్తే హారను వినపడదు కదా, షట్టరు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాను. అది వణికితే లారీ వచ్చినట్టు. మేనేజరుకు ఈ సంగతి తెలీదు, నా అంత చురుకైన వాచ్‌మన్ లేడనుకుంటున్నాడు.

ఒకటడుగుతాను. ఎవరైనా ఇష్టమైన ఆటలు పైన పెట్టుకుంటారు, కానివి కింద పెడతారు. నువ్వేంటి, వేళ్ల లెక్కన సర్దావు? నీ బుర్ర ఎప్పుడూ తిరగేసిన అక్షరమే. నామాట విని ఆ నాలుగో వరస పైకి తే. మా అక్క గొంతు విప్పిందంటే ఆ కోడి ఫోను దాటి వీధిలో పడుతుంది.

అక్కను అడిగానని చెప్పు. వేళ్లకు ఏదన్నా నూనె రాయించుకో.

బావమరిది


ఇంటి నుంచి
జులై 20

ఒరేయ్,

పై వరస ఖాళీ చేసేశాను. కారు, ఇటుకలు, మెట్లు మూడూ విసుగుపుట్టాయి. చెరిపెయ్యడానికి మనసొప్పక ఒక గూడు చేసి అందులో పడేశాను. దానికి ‘కేసులో వేసినవి’ అని పేరు పెట్టాను. అచ్చయిపోయిన పేజీ విడగొట్టి అక్షరాలు మళ్లీ గడుల్లో వేసేవాళ్లం కదా, అలాగన్నమాట. ఎప్పుడన్నా మళ్లీ తీయొచ్చు.

మీ అక్క పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఫోనులోకి తొంగి చూసింది. “ఆ ఎర్ర కారేదీ?” అంది. పెట్రోలైపోయిందన్నాను. “ఇటుకలకు కూడా పెట్రోలు పోస్తారా?” అని నాకేసి ఒక చూపు చూసి మళ్లీ రాళ్లేరుకుంది.

రెండో వరస మంచి జోరు మీదుంది. పాము బాగా పెరిగింది. చొక్కా బొత్తాలు పెట్టే పని మీ అక్క తీసుకుంది, నేను పెట్టుకుంటే ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతున్నాయట. ముసలితనంలో ముద్దుగానే ఉందిలే.

నీ బావ


గోడౌను
ఆగస్టు 2

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు అచ్చు తప్పులు పట్టడం రాదు, అది నీ విద్య. కానీ చేతిరాత చూస్తే తెలుస్తుంది. గీత మీద కూర్చున్నట్టుండే నీ అక్షరాలు ఈసారి ఒక పక్కకు ఒరిగిపోయాయి. నువ్వు రాసేది కుడి చేత్తో, జబ్బన్నది ఎడమ చేతికి. ఇదెక్కడి లెక్క?

విసుగుపుట్టిన మూడూ రెండు చేతులతో ఆడేవే ఎందుకయ్యాయి?

డాక్టరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. నాతో దాగుడుమూతలు వద్దు. నేను చెవిటివాణ్ణే, గుడ్డివాణ్ణి కాదు.

బావమరిది


ఇంటి నుంచి
ఆగస్టు 15

బావమరిదీ,

సరే, చెబుతాను. ఉత్తరం చదివాక చింపెయ్.

డాక్టరు నా జబ్బు పేరు ఒక్కసారే పలికాడు. మీ అక్క అదేదో మందు పేరనుకుంది. నాకు మాత్రం తెలిసిన పేరే. ఆ పేరు నేను కూర్చాను రా. నరాల డాక్టరొకాయన రాసిన పచ్చట్ట పుస్తకం మనం అచ్చేశాం, గుర్తుందా? కూర్చేటప్పుడు అక్షరం చూస్తాం కానీ అర్థమెక్కడ చూస్తాం! ఇంటికొచ్చి అలమరలోంచి ఆ పుస్తకం తీసి, మీ అక్క నీళ్లకెళ్లినప్పుడు ఆ పేజీ చదివాను.

రెండు రకాలున్నాయి. ‘వేళ్లతో మొదలయ్యే రకం’ అని ఒక హెడ్డింగు, ‘భుజంతో మొదలయ్యే రకం’ అని ఇంకొకటి. నాది వేళ్లది. దాని కింద వరస రాసి ఉంది: ఒక చెయ్యి, రెండో చెయ్యి, వేళ్లన్నీ, కాళ్లు, ఆఖరున గొంతు. భుజం రకంలో అయితే రెండో చేతి కంటే ముందే గొంతు పోతుందట. దేనికీ మందు లేదు. రెంటికీ చివరి పేరా ఒక్కటే.

ఇప్పుడు అర్థమైందా ఆ వరసలేంటో? పోయే క్రమంలో సర్దాను. ఏదీ ఆడలేకుండా ఒక్క రోజు కూడా కూర్చోకూడదని నా ఏర్పాటు.

నాలుగో వరస మీ అక్కది. చేతులు పడిపోయాక గొంతుంటుంది కదా, అప్పుడు ఇద్దరం ఆ కోడి ఆట ఆడి, ఆమెను కడుపుబ్బ నవ్వించి, ఆ తర్వాత అన్నీ నోటితో చెబుతాను. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. బతుకంతా అక్షరాల్లో చేతులు పెట్టి, పెళ్లానికి ఒక్క అక్షరం నేర్పలేదు రా నేను. రేపు, రేపు అంటూ గడిపేశాను.

చెప్పాల్సింది జబ్బొక్కటే కాదు. పెళ్లయిన నాలుగో ఏడు మా ఇద్దరికీ పరీక్షలు చేసి ఒక చీటీ ఇచ్చారు. లోపం నాది. “ఏం రాశారండీ?” అని మీ అక్క అడిగింది. ఏమీ లేదు, చూద్దామన్నారని చెప్పాను. ఆ తర్వాత మా అమ్మ ఆమెను గొడ్రాలు అన్నప్పుడు పక్క గదిలోనే ఉన్నాను. నోరు మెదపలేదు. ఆ చీటీ ఇప్పటికీ ఆ పచ్చట్ట పుస్తకంలోనే ఉంది. మీ అక్క రోజూ దాని మీద దుమ్ము దులుపుతుంది.

ఇది చెప్పకుండా పోలేను. కానీ ఇప్పుడే చెబితే మిగిలిన రోజులన్నీ ఏడుపే. కొన్నాళ్లు ఆగనీ. నువ్వు మాత్రం ఏమీ తెలియనట్టే ఉండు.

నీ బావ


గోడౌను
సెప్టెంబరు 1

బావా,

అలా పిలవడానికి కూడా ఇవాళ చెయ్యి రాలేదు.

మా అక్క శుభకార్యాలకు వెళ్లడం ఎందుకు మానేసిందో నాకు తెలుసు. ఎవరింట్లో పసిబిడ్డ ఉన్నా గడప బయటే నిలబడి పలకరించి వచ్చేసేది. నువ్వు ఆమె పక్కనే నడుస్తూ వచ్చేవాడివి. ఎలా నడిచావయ్యా? నీకు జబ్బు లేకుంటే ఈ ఉత్తరంలో ఇంకా చాలా రాసి ఉండేవాణ్ణి. జబ్బుందని తెలిసి కూడా తిట్టకుండా ఉండలేకపోతున్నాను. నువ్వు చచ్చిపోతావంటే ఏడుపొస్తోంది, నువ్వు చేసింది తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. రెండూ ఒకేసారి ఎలా భరించాలో నాకు తెలీదు.

ఒక్క మాట విను. ఇవాళే చెప్పు. ఈ ఉత్తరం మడత పెట్టకముందే అక్కను పిలిచి చెప్పు. గొంతు ఆఖరిదాకా ఉంటుందని ఎవరు హామీ ఇచ్చారు నీకు? ఎందుకు తొందరపెడుతున్నానని అడక్కు. చెప్పు, అంతే.

బావమరిది


ఇంటి నుంచి
సెప్టెంబరు 20

బావమరిదీ,

నువ్వు తిట్టిన తిట్లకు నేను తగినవాణ్ణే. ఇంకా రాయాల్సింది.

కానీ తొందర మాత్రం వద్దు. ఎవరు హామీ ఇచ్చారంటావేంటి? పుస్తకం నా ఒళ్లోనే ఉంది. అచ్చులో ఉంది. పాము, గోళీలు మొన్న కేసులో పడ్డాయి. మూడో వరస నడుస్తోంది, అంటే లెక్క సరిగ్గానే పోతోందన్నమాట. కుడి బొటనవేలు ఇంకా గట్టిగానే ఉంది. ఈ ఉత్తరం దాని పుణ్యమే, కాకపోతే రెండు రోజులు పట్టింది.

ఊళ్లో జలుబులు తిరుగుతున్నాయి. నాకూ పట్టినట్టుంది, మాట కాస్త ముద్దగా వస్తోంది. నీళ్లు తాగితే పొలమారుతోంది. ఏం చెప్పినా మీ అక్క “ఆఁ? ఏమన్నారు?” అని రెండుసార్లు అడుగుతోంది. ఆమెకూ చెవులు పోతున్నాయేమో, మీ వంశమే అంత.

నీ బావ


గోడౌను
సెప్టెంబరు 29

బావా,

అది జలుబు కాదు.

కిందటిసారే రాయాల్సింది. పిరికితనంతో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పచ్చట్ట పుస్తకం అచ్చుకెక్కే రోజు నువ్వు భోజనానికి వెళ్లావు. కూర్చిన పేజీని గ్యాలీ పళ్లెంలో పెట్టి మెషిను దగ్గరికి మోసుకొస్తుంటే నా చెయ్యి జారింది. కింది అచ్చు దారంతో కట్టి ఉంది కాబట్టి చెదరలేదు. పెద్ద టైపులో ఉన్న రెండు హెడ్డింగులు మాత్రం దిమ్మలుగా ఊడి కింద పడ్డాయి. నువ్వొస్తే తిడతావని భయమేసింది. నేనే ఏరి పెట్టేశాను. సీసంలో తిరగబడి ఉన్న అక్షరం నువ్వు గడగడా చదివేవాడివి. నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. రెండూ ఒకే పొడవున్నాయి. ఏది ఎక్కడిదో చూసినట్టే చూసి పెట్టి, మెషిను తిప్పేశాను. ప్రూఫు అప్పటికే నువ్వు దిద్దేశావు, మళ్లీ ఎవరూ చూడలేదు.

నువ్వు ఆ రెండు హెడ్డింగుల సంగతి రాసిన రోజే ఇది గుర్తొచ్చింది. నా ట్రంకుపెట్టెలో అడుగున ఎప్పుడో పాత ప్రూఫులు పరిచాను. బట్టలన్నీ తీసి వెతికాను. ఆ పేజీ దొరికింది. మూలన నీ సంతకం ఉంది. అందులో వేళ్ల రకం కింద ఉన్నది నువ్వు రాసిన వరస కాదు. ఒక చెయ్యి, ఆ తర్వాత గొంతు. ఆ తర్వాతే మిగతావన్నీ.

నీ వరసలు తప్పు బావా. నేను తిరగేసి పెట్టిన హెడ్డింగు చూసి నువ్వు సర్దుకున్నావు. అక్కకు వెంటనే చెప్పు. ఎంత ముద్దగా వచ్చినా చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను.

బావమరిది


ఇంటి నుంచి
అక్టోబరు 18

ఆరు రోజులుగా రాస్తున్నాను. కొంచెమే రాస్తాను.

నీ ఉత్తరం రాగానే మీ అక్కను కూర్చోబెట్టాను. చీటీ తీసి చేతిలో పెట్టాను. చెప్పాను. చెప్పాననుకున్నాను. నోట్లోంచి ముద్ద తప్ప ఏమీ రాలేదు. “పొద్దున్నుంచీ ఏం తినలేదు, ఆకలేస్తోందా?” అంది. చీటీ మడిచి మళ్లీ పుస్తకంలో పెట్టేసింది.

మర్నాడు కోడిని తెరిచాను. అరిచాను. గెంతలేదు. నడుచుకుంటూ పోయి గోతిలో పడింది. ఎనిమిదిసార్లు. మీ అక్క మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

హెడ్డింగు గురించి ఏడవకు. మెషిను మీద మొదటి కాగితం చూడాల్సింది నేను. చూడలేదు.

ఎవరినన్నా పిలిచి చదివిద్దామంటే ఆమె పరువు వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది. నువ్వు రా. నా బదులు చెప్పు. రెండూ చెప్పు.

బావ


గోడౌను, గేటు పక్క గది
డిసెంబరు 4

బావా,

దీనికి జవాబు రాదని తెలుసు. అయినా రాస్తున్నాను, అలవాటు. నీ దగ్గర కూర్చున్న నాలుగు రోజుల్లో చెప్పలేకపోయింది ఇందులో రాస్తాను.

మెషిను చప్పుడులో ఇన్నేళ్లూ నీ పెదాలు చదివే పనిచేశాను. లోకమంతా అర్థంకాకపోయినా నువ్వు అర్థమవుతావని ధైర్యంగా వచ్చాను. నీ పెదాలు చూస్తే నాకొక్క మాటా తెలియలేదు. నువ్వు మళ్లీ మళ్లీ చెబుతుంటే తల ఊపాను. అబద్ధంగా ఊపాను. ఏం చెప్పావో ఇప్పటికీ తెలీదు.

నువ్వు పడుకున్నాక అక్కను వంటగదిలోకి పిలిచి జబ్బు సంగతి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. “కారు పోయింది, ఇటుకలు పోయాయి, ఆ తర్వాత పాము పోయింది. నాకు చదువు రాకపోతే కళ్లు కూడా లేవనుకున్నాడా మీ బావ? రోజూ ఆయన పక్కనే కూర్చుని ఆ బొమ్మలు లెక్కపెడుతున్నాను” అంది. నువ్వు ఇన్నేళ్లలో కూర్చిన పేజీల్లో ఆమె చదవగలిగింది అదొక్కటే, మొదటి రోజు నుంచీ చదువుతూనే ఉంది. ఎందుకడగలేదంటే, “అడిగితే నిజమని చెప్పేస్తాడేమోనని” అంది.

తర్వాత చీటీ సంగతి చెప్పాను. అది మాత్రం ఆమెకు తెలియదు.

లేచి వెళ్లి పచ్చట్ట పుస్తకంలోంచి చీటీ తీసి, ఫోనుతో పాటు నేల మీద పెట్టుకుని గోడకు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నాకు వీపే కనిపిస్తోంది, వినపడదు కదా. ఫోను చూశాను. నాలుగో వరస తెరిచే ఉంది. నువ్వు ఎనిమిదిసార్లు గోతిలో పడేసిన ఆ కోడి గెంతుతోంది బావా. గోతి మీద గోతి దాటుకుంటూ, తెర అంచు దాకా ఎగిరెగిరి పడుతోంది. ఎంతసేపు గెంతిందో! నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను తప్ప అక్క భుజం మీద చెయ్యి వెయ్యలేకపోయాను.

అది ఆగాక నావైపు తిరిగింది. పెదాలు కనపడేలా మెల్లిగా చెప్పింది. “నువ్వు చెప్పింది నేను వినలేదు. ఇది నువ్వు చెప్పే మాట కాదు. ఆయన్ని చెప్పమను.”

ఆయన చెప్పలేడక్కా అన్నాను. “గొడ్రాలన్నప్పుడు నేను కూడా ఏమీ చెప్పలేకపోయాను. ఆయన్నే చెప్పమను” అంది.

మర్నాడు పొద్దున్న నీకు మొహం కడిగి, గంజి పట్టి, ఆ ఫోను నీ నోటి ముందు నిలబెట్టింది. నేను బస్సుకు బయల్దేరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. కోపంతో పెట్టిందో ఆశతో పెట్టిందో నాకు అర్థంకాలేదు. నువ్వు నోరు తెరుస్తున్నావు. కోడి నడుస్తోంది. రోజూ ఇలాగే పెడుతోందని పక్కింటాయన రాశాడు.

నిన్ను క్షమించిందని రాద్దామనుకున్నాను. అబద్ధాలు మన ముగ్గురి మధ్య ఇప్పటికే చాలా ఉన్నాయి. క్షమించలేదు. అలాగని నీ దగ్గర్నుంచి కదల్లేదు కూడా. నేనూ అంతే.

ఈ కాగితం నీ కళ్ల ముందు ఇప్పుడు అక్కే పట్టుకుని ఉంటుంది. ఇందులో తన గురించి ఏముందో ఆమెకు తెలీదు, చదివి వినిపించడానికి నీకు నోరు లేదు. చదవడం అయిపోతే కళ్లు మూసి తెరువు, కాగితం తిప్పమని ఆమెకు నేర్పి వచ్చాను.

తిప్పుతుంది. వెనక పక్క నేనేమీ రాయలేదు.

బావమరిది